చెర్రీ కౌంటీ, నెబ్రాస్కా: కడప జిల్లా అంత నేల, ఆరు వేలు కూడా లేని జనం

ఊరికనే_డ్రైవర్

అందరికీ నమస్తే. లాంగ్ వీకెండ్‌కి ఒమాహా నుంచి మౌంట్ రష్‌మోర్ వెళ్లొచ్చాం. తెలిసినవాళ్లంతా సూ ఫాల్స్ మీదుగా ఇంటర్‌స్టేట్ 90 పట్టుకోమన్నారు. నాకు ఇంటర్‌స్టేట్ అంటే నిద్రొస్తుంది. హైవే 20 మీద పోదామని నేనే పట్టుబట్టాను. కారులో మా ఆవిడ, బాబు, రెండు నెలల కింద ఏలూరు నుంచి వచ్చిన మా మామగారు.

వెళ్లేటప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు. వచ్చేటప్పుడు రాత్రికి వాలెంటైన్ అనే ఊళ్లో ఆగి, మర్నాడు హైవే 83 మీద దక్షిణానికి థెడ్‌ఫర్డ్ వైపు దిగాం. అరవై మైళ్లకు పైగా దారి. దిబ్బ వెనక దిబ్బ, అన్నీ గడ్డి కప్పుకున్నవే. మధ్యలో ఉన్నట్టుండి ఒక చెరువు, చెరువు నిండా పక్షులు. మళ్లీ దిబ్బలు. ఎక్కడో ఒక గాలిమర, దాని కింద తొట్టి, తొట్టి చుట్టూ నల్ల ఆవులు. ఊరు లేదు, బంకు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. మా మామగారు ఏమీ తోచక ఎదురొచ్చిన బండ్లు లెక్కపెట్టారు. పదకొండు. "ఏం బాబూ, ఇక్కడ నరమానవుడన్నవాడు ఉండడా?" అని అడిగారు.

ఇంటికొచ్చి చూస్తే ఇదంతా చెర్రీ కౌంటీ అట. విస్తీర్ణం 6,009 చదరపు మైళ్లు. 2020 జనాభా లెక్కల్లో 5,455 మంది. నేను తప్పు చదివానేమోనని రెండుసార్లు చూశాను. అంత పెద్ద కౌంటీలో ఇంత తక్కువ మంది ఎందుకు? నీళ్లు లేవా అంటే చెరువులు కళ్లారా చూశాను. తెలిసినవాళ్లు చెప్పండి, మామగారికి జవాబు బాకీ ఉన్నాను.

చలిపులి

ఎడారి బాస్ అది. పాత మ్యాపుల్లో ఆ వైపంతా "గ్రేట్ అమెరికన్ డెజర్ట్" అనే రాసుంటుంది. ఉన్నవాళ్లు కూడా వదిలేసి పోతున్నారు. మినియాపోలిస్ నుంచి డెన్వర్ పోతూ ఒకసారి ఆ పక్కగా వెళ్లాను. పెట్రోల్ ముల్లు కిందకి దిగుతుంటే గుండె కూడా దిగింది. మళ్లీ ఆ దారి తొక్కలేదు.

కడపబిడ్డ

6,009 చదరపు మైళ్లంటే ఎంతో తెలుసునా? 15,560 చదరపు కిలోమీటర్లు. మా పాత కడప జిల్లా, అదే 2022లో ముక్కలు చేయక ముందుది, 15,359. అంటే మా జిల్లా కంటే ఓ చేయి ఎక్కువే. 2011 లెక్కల్లో మా జనం 28,82,469. మాది పల్చటి జిల్లా అని కోస్తా వాళ్లు ఎగతాళి చేస్తారు. ఇక్కడ చూస్తే మనిషికి దాదాపు మూడు చదరపు కిలోమీటర్లు వస్తున్నాయి! రాయచోటిలో ఒకడు, వేంపల్లెలో ఒకడు నిలబడి కేకలేసుకున్నట్టుంది.

లెక్కలమాస్టారు

మంచి ప్రశ్న వేశారు. నేను వృత్తిరీత్యా అంకెల మనిషిని, రిటైరైపోయాను కాబట్టి తీరిక కూడా ఉంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక అపోహ. చెర్రీ అమెరికాలో జనం అతి తక్కువున్న కౌంటీ కాదు. ఆ పేరు టెక్సస్‌లోని లవింగ్ కౌంటీది, 2020లో అక్కడ లెక్కకొచ్చింది 64 మంది. నెబ్రాస్కాలోనే చెర్రీ ఇరుగుపొరుగును చూడండి. మెక్‌ఫర్సన్ 399, బ్లెయిన్ 431, ఆర్థర్ 434, గ్రాంట్ 611. వాళ్ల మధ్య చెర్రీ పెద్దన్న. దీని విడ్డూరం జనం తక్కువ కావడంలో లేదు, నేల అంత ఉండడంలో ఉంది. కనెక్టికట్ రాష్ట్రం మొత్తం 5,543 చదరపు మైళ్లే. అందులో 36 లక్షల మంది ఉన్నారు.

ఇక 5,455లో 2,633 మంది ఒక్క వాలెంటైన్‌లోనే. కౌంటీ కేంద్రం అదే. మిగిలింది 2,822. కోడీ, కిల్‌గోర్, క్రూక్‌స్టన్, మెరిమన్, వుడ్ లేక్, నెంజెల్ లాంటి ఊళ్లన్నీ, రాంచ్‌లన్నీ (పశువుల్ని పెంచే పెద్ద కమతాలు) కలిపి అంతే. అంటే వాలెంటైన్ దాటితే మనిషికి రెండు చదరపు మైళ్లు. కడపబిడ్డ గారూ, మీ కేకలు అందవు.

ఇప్పుడు అసలు సంగతి. జనాభా వరస చూడండి: 1890లో 6,428. 1900లో 6,541. 1910లో ఒక్కసారిగా 10,414. 1920లో 11,753, అదే శిఖరం. అక్కడి నుంచి దిగుడే: 1940లో 9,637, 1960లో 8,218, 1980లో 6,758, 2000లో 6,148, 2010లో 5,713. పదేళ్లలో ఆరున్నర వేలు పదివేలు దాటడం ఊరికే జరగదు. 1900కీ 1910కీ మధ్య ఏదో జరిగింది. అదేమిటో వేరే పోస్టులో రాస్తాను, మా మనవరాలు బడి నుంచి వచ్చే టైమయింది.

ఇసుకతిన్నె

మాస్టారు సగంలో వదిలేశారు కాబట్టి నేను మిగతా సగం, అంటే నేల సంగతి చెప్తాను. లింకన్‌లో చదివేటప్పుడు భూగర్భ జలాల మీద పనిచేశాను. ఆ కౌంటీలో రెండు వేసవులు బావుల నీటిమట్టాలు కొలుస్తూ తిరిగాను.

చలిపులీ, అది ఎడారి కాదు. శాండ్‌హిల్స్ అంటారు, ఇసుక దిబ్బలు. పశ్చిమార్ధ గోళంలో గడ్డి కప్పిన దిబ్బలున్న అతి పెద్ద ప్రాంతం ఇదే, దాదాపు 19,300 చదరపు మైళ్లు. చెర్రీ కౌంటీలో చాలా భాగం అందులోనే ఉంది. కొన్ని దిబ్బలు 400 అడుగుల ఎత్తు, 20 మైళ్ల పొడవు. ఇవి ఒకప్పుడు నిజంగా నడిచిన దిబ్బలే. పెద్ద కరువులొచ్చి గడ్డి చచ్చినప్పుడల్లా కదిలాయి. ఆఖరిసారి బాగా కదిలింది వెయ్యేళ్ల లోపే. ఇప్పుడు గడ్డి వేళ్లు పట్టుకుని ఉన్నాయి కాబట్టి కుదురుగా ఉన్నాయి.

నీళ్ల సంగతి ఇంకా తమాషా. అక్కడ ఏడాదికి 20 అంగుళాల వాన పడుతుంది. ఎడారికి అది చాలా ఎక్కువ. కానీ వాగులు పొంగవు, పడ్డ చినుకు పడ్డట్టే ఇసుకలోకి దిగిపోతుంది. కింద ఓగల్లాలా భూగర్భ జలాశయం. టెక్సస్ వైపు అది అడుగంటుతుంటే, ఇక్కడ కొన్నిచోట్ల నీటితో నిండిన పొర వెయ్యి అడుగుల దాకా మందం. రెండు దిబ్బల మధ్య పల్లం నీటిమట్టం కంటే కిందకి దిగితే అదే చెరువు. ఊరికనే_డ్రైవర్ గారు చూసిన చెరువులు వాననీటివి కాదండీ, భూగర్భ జలమే పైకి తొంగిచూస్తోంది. స్నేక్, నయోబ్రారా, లూప్ నదుల్లోకి వచ్చేదీ చాలావరకు ఊట నీరే, అందుకే ఎండాకాలంలోనూ వాటి ప్రవాహం పెద్దగా మారదు.

మొదటి వారం నేను కూడా "ఖాళీగా ఉంది" అన్నాను. మా ప్రొఫెసర్ ఏమీ అనకుండా నన్ను ఒక తడి మైదానంలోకి తీసుకెళ్లి పార చేతికిచ్చి తవ్వమన్నారు. రెండడుగులు తవ్వేలోపే నీళ్లు.

ఊరికనే_డ్రైవర్

అక్కా, మీ పోస్టు మామగారికి చదివి వినిపించాను. కాలవల కింద వ్యవసాయం చేసిన మనిషి, వెంటనే లేచి కూర్చున్నారు. "రెండడుగుల్లో నీళ్లుంటే వరి వేసుకోక ఆవుల్ని మేపుతారా? ఇద్దరు గోదావరి రైతుల్ని దింపితే మూడేళ్లలో పచ్చగా చేస్తారు" అంటున్నారు. ఏం చెప్పమంటారు?

ఇసుకతిన్నె

పెద్దాయనకి నమస్కారాలు చెప్పండి. ఆయన అనుకున్నదే ఇక్కడివాళ్లూ అనుకున్నారు, ఒకసారి కాదు, రెండుసార్లు.

1970ల్లో సెంటర్ పివట్లు జోరందుకున్నాయి, అంటే ఒక చోటు చుట్టూ తిరుగుతూ నీళ్లు చల్లే పొడవాటి గొట్టాలు. విమానంలోంచి గుండ్రంగా కనిపించే పొలాలు ఉంటాయే, అవి వాటివే. శాండ్‌హిల్స్‌లోకి కూడా తెచ్చారు. దిబ్బలు చదును చేసి మొక్కజొన్న వేశారు. ఇసుక నీళ్లు పట్టి ఉంచదు, పెట్టిన ఎరువు నీళ్లతో పాటు నేరుగా భూగర్భ జలంలోకి దిగుతుంది. గడ్డి తీసేసిన నేల మీద గాలి మొదలైతే పంట మొలకల్ని ఇసుకే కోసేస్తుంది. చాలామంది వదిలేసి, ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచడానికి తంటాలు పడ్డారు.

గడ్డి ఒక చోట పోతే ఏమవుతుందో చూడాలంటే బ్లోఅవుట్ చూడాలి. దిబ్బకి పుండు పడ్డట్టు ఉంటుంది. ఆవులు ఒకే కంచె మూలలో తొక్కితే చాలు, గాలి అక్కడ ఇసుక తోడడం మొదలుపెడుతుంది, గుంట పెరుగుతూ పోతుంది. రాంచర్లు అందులో పాత టైర్లు, పాడైన గడ్డి చుట్టలు పడేసి ఆపుతుంటారు. పైగా ఆ గుంటల్లో మాత్రమే బతికే ఒక పువ్వుంది, బ్లోఅవుట్ పెన్‌స్టెమన్. అంతరించిపోయిందనుకున్న ఆ మొక్క 1968లో మళ్లీ కనబడింది. 1987 నుంచి ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో ఉంది. పుండు మానితే పువ్వు పోతుంది, చూశారా తిరకాసు.

రెండోసారిది 1970లు. మొదటిసారిది మాస్టారు చెప్పబోయే కథే, కానివ్వండి.

లెక్కలమాస్టారు

చెప్తాను. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చేవారు. అయోవాలో అది బంగారం. ఈ ఇసుకలో 160 ఎకరాలతో కుటుంబం కాదు కదా, ఒక చిన్న మంద కూడా బతకదు. అందుకని చాలాకాలం ఇక్కడ ఎవరూ దిగలేదు. పెద్ద పశువుల కంపెనీలు ప్రభుత్వ భూమినే కంచె వేసుకుని మేపుకున్నాయి.

1904లో మోజెస్ కిన్‌కెయిడ్ అనే కాంగ్రెస్ సభ్యుడు చట్టం తెచ్చాడు. పశ్చిమ నెబ్రాస్కాలో 37 కౌంటీలకు మాత్రం 640 ఎకరాలు, అంటే పూర్తి చదరపు మైలు. ఐదేళ్లు ఉండి, కాస్త మెరుగుచేస్తే నీదే. జనం ఎగబడ్డారు. వాళ్లని కిన్‌కెయిడర్లు అన్నారు. 1910 జనాభా లెక్కలో ఆ దూకుడంతా వాళ్లదే. పచ్చికని వేళ్లూ మట్టితో సహా గడ్డల్లా కోసి ఇళ్లు కట్టుకున్నారు, చెట్లుంటే కదా కలప. నాగలి పెట్టారు. మీ మామగారి మాటే అన్నారు వాళ్లూ. రెండు మూడు పంటలు పండాయి, తరవాత ఇసుక లేచింది. పట్టా చేతికి రాగానే పక్క రాంచ్‌కి అమ్మేసి వెళ్లిపోయారు.

ఇదే సమయంలో స్పేడ్ రాంచ్ యజమాని బార్ట్‌లెట్ రిచర్డ్స్‌ను ప్రభుత్వ భూమి కబ్జా కేసుల్లో పట్టుకున్నారు. శిక్ష పడింది, 1911లో కస్టడీలో ఉండగానే చనిపోయాడు. మన దగ్గర ఇంత పెద్ద భూస్వామికి కంచె వేసినందుకు శిక్ష పడడం నేనైతే చూడలేదు.

చలిపులి

సరే ఎడారి మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నేనన్నది తప్పెలా అవుతుంది? జనం పోతూనే ఉన్నారుగా. 11,753 నుంచి 5,455. సగానికి పైగా పోయారు. కిన్‌కెయిడర్లు పోయింది సరే, 1950 తరవాత పోయినవాళ్లని కూడా ఇసుకే తరిమిందా?

ఇసుకతిన్నె

ఆ నేల మోయగలిగినంత జనమే మిగిలారు అంటాను నేను. 1890లో 6,428, ఇప్పుడు 5,455. మధ్యలో ఎక్కినదంతా ఒక చట్టం తెచ్చిన పొంగు.

లెక్కలమాస్టారు

అమ్మా, ఇక్కడ మీతో నేను ఒప్పుకోను. వినడానికి అందంగా ఉంది కానీ 1950 తరవాతి దిగుడుకి ఆ మాట అతకదు. పశువులు తగ్గి జనం తగ్గితే నేల సంగతి అనొచ్చు. పశువులు తగ్గలేదు. దేశంలో బీఫ్ ఆవులు అన్నింటికంటే ఎక్కువున్న కౌంటీ ఇదేనని వ్యవసాయ గణాంకాలు చెప్తున్నాయి, లక్షకు పైనే. తగ్గింది వాటి వెనక తిరిగే మనుషులు. ఒకప్పుడు గడ్డి కోతకి గుర్రాలు, ఇరవై మంది కూలీలు. ఇప్పుడు ట్రాక్టరు, చుట్ట కట్టే యంత్రం, తండ్రీ కొడుకూ. నలుగురు పిల్లలుంటే రాంచ్ ఒకరికే సరిపోతుంది, ముగ్గురు ఒమాహాకో లింకన్‌కో పోతారు. ముక్కలు చేస్తే ఎవరికీ చాలదు. మన దగ్గర రెండెకరాల పొలాన్ని నలుగురు పంచుకుంటారు, ఇక్కడ పదివేల ఎకరాల్ని పంచుకోరు. తేడా అక్కడుంది.

గడ్డిపరక

తిరుపతిలో వెటర్నరీ చదివి ఇప్పుడు కాన్సస్‌లో ఉన్నాను. మాస్టారి మాటకి ఒక లెక్క కలుపుతాను. శాండ్‌హిల్స్‌లో ఒక ఆవూ దూడా ఏడాది బతకాలంటే 15 నుంచి 20 ఎకరాలు కావాలి, వాన బాగుంటే కాస్త తక్కువ. కిన్‌కెయిడ్ ఇచ్చిన 640 ఎకరాల్లో మహా అయితే 40 ఆవులు. నలభై ఆవులతో అప్పట్లోనే కష్టం, ఇప్పుడైతే పికప్ ట్రక్కు వాయిదా కూడా కట్టలేరు. 400 ఆవుల రాంచ్ కావాలంటే పది మైళ్ల పొడవు, మైలు వెడల్పు భూమి. అందుకే పక్కింటివాడు పది మైళ్ల దూరంలో ఉంటాడు.

పని క్యాలెండర్ కూడా నేలని బట్టే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈతలు, మంచు తుపానులో రాత్రంతా లేగలతో జాగారం. వేసవికి మందలు దిబ్బల మీద. జూలై, ఆగస్టుల్లో సుధ గారు పార పెట్టి తవ్విన లాంటి తడి మైదానాల్లో గడ్డి కోత. శరదృతువులో దూడల్ని అమ్మేయడం. అవి తూర్పున మొక్కజొన్న పండే చోట ఫీడ్‌లాట్లకి, అంటే దాణా పెట్టి బలిపించే దొడ్లకి వెళ్తాయి. ఆ గడ్డి లేకపోతే చలికాలం గడవదు. నాగలి పెట్టకపోవడం మొత్తం వ్యాపారానికే పునాది.

ఒక పాత ముచ్చట. 1879లో మంచు తుపాను వచ్చి న్యూమన్ అనే రాంచ్ పశువులు దిబ్బల్లోకి పోయాయి. అందులోకి వెళితే మనిషి దారి తప్పి చస్తాడని అప్పటిదాకా ఎవరూ వెళ్లలేదు. తప్పక వెతకడానికి వెళ్లిన కౌబాయ్‌లకి తమ పశువులతో పాటు ఎన్నేళ్ల కిందో తప్పిపోయి అడవిపట్టిన పశువులు కూడా కనబడ్డాయి, బాగా బలిసి. గడ్డి విలువ అలా తెలిసింది. ఆవులే సర్వే చేశాయన్న మాట.

మన ఒంగోలు రక్తం ఉన్న బ్రాహ్మన్ జాతి ఇక్కడ కనబడుతుందేమో అని ఎవరైనా అడుగుతారు. అది టెక్సస్, గల్ఫ్ తీరపు వేడికి. ఇక్కడి చలికి నల్ల ఆంగస్, హెర్‌ఫర్డ్.

ఇసుకతిన్నె

మాస్టారు, ఒప్పుకుంటున్నా. 1950 తరవాతి దాన్ని ఇసుక ఖాతాలో వేయడం తప్పే. (గడ్డిపరకా, నా పేరు బయటపెట్టావు కదా. చూసుకుంటా.)

ఒకటి మాత్రం కలపాలి. "ఎవరూ దిగలేదు" అన్నారు. కిన్‌కెయిడర్ల కంటే ముందు అది లకోటాలనే ఆదివాసుల నేల. ఉత్తరాన కౌంటీ గీత దాటగానే సౌత్ డకోటా, అక్కడే వాళ్లకి కేటాయించిన ప్రాంతం, రోజ్‌బడ్ రిజర్వేషన్. 1880లో వాలెంటైన్ దగ్గర సైన్యం ఫోర్ట్ నయోబ్రారా కట్టింది రోజ్‌బడ్ మీద కన్నేసి ఉంచడానికే. కౌంటీ ఏర్పడింది 1883లో, దానికి పేరు కూడా ఆ కోటలో పనిచేసి 1881లో హతుడైన లెఫ్టినెంట్ శామ్యూల్ చెర్రీదే. ఆ పేరులో చెర్రీ పండ్లు లేవు. 1906లో సైన్యం వెళ్లిపోయాక 1912లో ఆ కోట నేలే వన్యప్రాణి ఆశ్రయంగా మారింది. ఒక పశుపోషకుడు ఇచ్చిన ఆరు బైసన్లతో మొదలైంది. ఇప్పటికీ మంద ఉంది.

పాలకొల్లు_పార్వతి

ఇన్ని రోజులుగా చదువుతూ ఊరుకున్నాను, ఇక ఉండబట్టలేదు. నేను నర్సుని. ఉత్తర నెబ్రాస్కాలో ఒక చిన్న ఆస్పత్రిలో పదమూడు వారాల కాంట్రాక్టు మీద పనిచేశాను. ఊరు పేరు చెప్పను, చెప్తే అక్కడ నన్ను అందరూ గుర్తుపడతారు. అంత చిన్న ఊరు.

అంకెలన్నీ బాగున్నాయి కానీ అక్కడ దూరమంటే ఏమిటో చెప్తాను. ఒకాయనకి డిశ్చార్జి రాస్తూ ఇల్లు ఎంత దూరమండీ అని అడిగా. "దగ్గరేనమ్మా, నలభై మైళ్లు, అందులో తారు రోడ్డు ఇరవై" అన్నాడు. ఆ మిగతా ఇరవైలో నాలుగు గేట్లు దిగి తీసి మూసుకుంటూ పోవాలట. కాన్పు దగ్గర పడ్డ అమ్మాయిలు చలికాలంలో ముందుగానే ఊళ్లో బంధువుల ఇంటికి వచ్చి ఉంటారు, మన పల్లెల్లో పుట్టింటికి పంపినట్టు. అంబులెన్స్ నడిపేది వాలంటీర్లు. ఒకరోజు స్ట్రెచర్ తోసుకొచ్చిన ఆయనే మర్నాడు నా కారు టైరు మార్చాడు.

సుధ గారు చెప్పిన రోజ్‌బడ్ సంగతి నిజం. రిజర్వేషన్ నుంచి జనం సరుకులకీ, వైద్యానికీ గీత దాటి ఇటు వస్తుంటారు. కౌంటీ జనాభా అయిదు వేలు అనుకుని దుకాణాల్ని చూస్తే లెక్క తప్పుతుంది, ఆ ఊళ్లు చుట్టుపక్కల చాలామందికి సంత.

నన్ను మొదట్లో అందరూ కాస్త వింతగా చూశారు. రెండో వారంలో ఒకావిడ ఇంట్లో చేసిన పచ్చడి సీసా తెచ్చిచ్చింది. చోక్‌చెర్రీ జామ్. నేను గోంగూర పచ్చడి ఇచ్చాను. ఆవిడ ముఖం చూడాల్సింది.

కడపబిడ్డ

పార్వతక్కా, గోంగూర పెట్టి దౌత్య సంబంధాలు చెడగొట్టావు.

ఒక డౌటు. అంత పెద్ద కౌంటీని రెండు మూడు చేయొచ్చు కదా? మా దగ్గర అడక్కపోయినా జిల్లాలు చేస్తారు.

లెక్కలమాస్టారు

చేస్తే ఖర్చెవరు పెడతారు? కౌంటీ అంటే కోర్టు భవనం, షెరీఫ్, రోడ్లు, భూమి రికార్డులు. ఇదంతా ఎక్కువగా ఆస్తి పన్ను మీద నడవాలి. ఇక్కడ కౌంటీ తూర్పు పడమరలుగా తొంభై మైళ్లకు పైనే ఉంది. అందుకే ఒకే కౌంటీలో రెండు కాలమానాలు: వాలెంటైన్ సెంట్రల్ టైమ్‌లో, పడమటి చివరన మెరిమన్ మౌంటెన్ టైమ్‌లో. మెరిమన్ మనిషికి కోర్టులో పది గంటలకి పనుంటే ఆయన గడియారంలో తొమ్మిది అన్నమాట.

ఊరికనే_డ్రైవర్

అయ్యో! ఇదా సంగతి! మొదటి పోస్టులో సిగ్గుపడి రాయలేదు. రష్‌మోర్ నుంచి వచ్చేటప్పుడు దారిలో అక్కడా ఇక్కడా ఆగుతూ తాపీగా వచ్చాం. కారులో గడియారం ఎనిమిది చూపిస్తోంది, తొమ్మిదింటి దాకా భోజనం దొరుకుతుందిలే అనుకున్నా. వాలెంటైన్‌లో ఒక హోటల్ తలుపు తోస్తే కుర్చీలు బల్లల మీదకి ఎక్కించేస్తున్నారు. ఫోన్ చూస్తే తొమ్మిది. పాత కారు, గడియారం మనమే మార్చుకోవాలి. రాత్రికి కూలర్‌లో మిగిలిన పులిహోరే దిక్కయింది. మామగారు ఏమీ అనలేదు గానీ "గంట ఎక్కడ పోయింది?" అని మాత్రం రెండుసార్లు అడిగారు.

గడ్డిపరక

😂 మీ గంట మెరిమన్ దగ్గరే ఉంది, ఈసారి పడమటికి పోతే తిరిగిచ్చేస్తారు.

చలిపులి

నవ్వుకున్నాం సరే, సీరియస్‌గా అడుగుతున్నా. ఆ చిన్న ఊళ్లు ఎన్నాళ్లుంటాయి? మనిషి లేకపోతే బడి ఉండదు, బడి లేకపోతే మనిషి రాడు.

ఇసుకతిన్నె

బడి విషయంలో నువ్వన్నది నిజం. ఒకప్పుడు రాంచ్‌ల మధ్య ఒక గది బడులు ఉండేవి, అయిదారుగురు పిల్లలు, ఒక టీచర్. 2005లో వచ్చిన రాష్ట్ర చట్టం చిన్న స్కూలు డిస్ట్రిక్ట్‌లని పెద్దవాటిలో కలిపేసింది. మరుసటి ఏడాది ఓటర్లు ఆ చట్టాన్ని కొట్టేశారు, కానీ అప్పటికే విలీనం అయిపోయింది.

అయినా కోడీ సంగతి విను. 2010లో అక్కడ 154 మంది. కిరాణా కొట్టు మూతపడి చాలా ఏళ్లయింది, పాలు కావాలన్నా వాలెంటైన్ దాకా పోవాల్సిన పరిస్థితి. బడిపిల్లలే గడ్డి మోపుల గోడలతో ఒక దుకాణం కట్టించుకుని 2013లో తెరిచారు. లెక్కలు రాసేదీ, సరుకు తెప్పించేదీ, కౌంటర్లో కూర్చునేదీ విద్యార్థులే. నేను అందులో అరటిపళ్లు కొన్నాను. కౌంటర్లో పిల్ల చిల్లర ఇస్తూ నా పరిశోధన ఏమిటో పూర్తిగా చెప్పించుకుంది. ఊరి బోర్డు మీద నినాదం చదివితే "చావడానికి మరీ మొండి ఊరు" అని అర్థం.

అన్నీ అలా నిలబడలేదు. డెవిటీ అని ఒక ఊరు ఉండేది. 1907 నుంచి నల్లజాతి కుటుంబాలు కిన్‌కెయిడ్ చట్టం కింద నార్త్ లూప్ నది ఒడ్డున భూములు తీసుకుని కట్టుకున్న ఊరు. తరవాత ఆడేషస్ అని పేరు మార్చారు, సాహసి అని అర్థం. బడి, చర్చి, పోస్టాఫీసు అన్నీ ఉండేవి. నెబ్రాస్కాలో నల్లజాతి హోమ్‌స్టెడర్ల ఊళ్లలో అన్నింటికంటే పెద్దది, ఎక్కువ కాలం నిలిచినది ఇదే. 1930ల నాటికి ఖాళీ అయింది. ఊరికనే_డ్రైవర్ గారూ, మీరు వెళ్లిన హైవే 83 పక్కనే 2016లో దాని గుర్తుగా ఒక ఫలకం పెట్టారు. గంటకి 70 మైళ్ల వేగంలో కనబడి ఉండదు.

ఊరికనే_డ్రైవర్

కనబడింది అక్కా. గోధుమరంగు బోర్డేదో ఉందని మామగారు ఆపమన్నారు. నేనే ఆపలేదు.

లెక్కలమాస్టారు

చిన్న ఊళ్ల అంకెల్ని కూడా కొంచెం చూసి నమ్మాలి. వ్యక్తుల వివరాలు బయటపడకూడదని 2020లో సెన్సస్ బ్యూరో చిన్న ప్రాంతాల సంఖ్యల్ని కావాలనే అటూ ఇటూ కదిపింది. తూర్పున బాయ్‌డ్ కౌంటీలో మొనోవై అనే ఊళ్లో ఉండేది ఒక్కరే. లెక్కల్లో ఇద్దరని వచ్చింది. నెంజెల్ లాంటి ఇరవై మంది ఊళ్లో ఇద్దరు అటూ ఇటూ అయితే పది శాతం.

పాలకొల్లు_పార్వతి

ఆ లేని రెండో మనిషికి పాపం ఎవరు వండిపెడుతున్నారో.

చలిపులి

ఓకే, ఓడిపోయా. మా ఆవిడ ఈ థ్రెడ్ చదివి వేసవికి అక్కడికే పోదామంటోంది. ఏం చూడాలి? ఎక్కువ నడిపించకండి, మోకాళ్లు సహకరించవు.

ఇసుకతిన్నె

నయోబ్రారా లోయ. పైన దిబ్బలు చూసినవాళ్లు కింద అలాంటి లోయ ఉంటుందని అనుకోరు. పడమటి పాండెరోసా పైన్, తూర్పు వాల్‌నట్, ఉత్తరాన ఉండాల్సిన పేపర్ బర్చ్, మూడూ ఒకే చోట. దక్షిణపు గట్టు నుంచి చల్లటి ఊటలు దిగుతాయి, ఆ చల్లదనానికి మంచుయుగం నాటి బర్చ్ చెట్లు ఇప్పటికీ బతికున్నాయి. స్మిత్ జలపాతం అక్కడే, 63 అడుగులు, నెబ్రాస్కాలో ఎత్తైనది. నయాగరా చూసొచ్చినవాళ్లు నవ్వకండి. 1991లో 76 మైళ్ల మేర ఆ నదిని జాతీయ సుందర నదిగా ప్రకటించారు.

రాత్రికి మెరిట్ రిజర్వాయర్. చీకటి అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. 1994 నుంచి ఏటా నక్షత్రాలు చూసేవాళ్లు టెలిస్కోపులు మోసుకుని అక్కడికి వస్తారు.

మోకాళ్ల సంగతి అన్నావు కదా, ట్యాంకింగ్ చేయి. పశువులు నీళ్లు తాగే గుండ్రటి రేకు తొట్టి ఉంటుందే, దాన్నే నదిలో దింపి, లోపల కుర్చీలు వేసుకుని కూర్చుని కొట్టుకుపోవడం. తెడ్డు వేసే పని కూడా పెద్దగా ఉండదు, తొట్టి దానిష్టం వచ్చినట్టు గుండ్రంగా తిరుగుతూ పోతుంది.

ఊరికనే_డ్రైవర్

మామగారికి ఇవన్నీ చదివి వినిపించాను. పివట్ల కథ విని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అయితే ఆ ఆవుల్ని మేపేవాడు తెలివైనవాడే" అన్నారు. టికెట్ వచ్చే నెల పదిహేనుకి. ఈలోపు ఒకసారి మళ్లీ వెళ్దామంటున్నారు, బోర్డు దగ్గర ఆపాలట. పార తీసుకెళ్లొచ్చా అని కూడా అడుగుతున్నారు. సుధక్కా, ఎవరి మైదానంలో అయినా అడిగి తవ్వొచ్చంటారా?

ఇసుకతిన్నె

అడగకుండా గేటు దాటొద్దు, ముందు అదే చెప్పండి ఆయనకి. తెరిచిన గేటు తెరిచే ఉంచాలి, మూసిన గేటు మళ్లీ మూయాలి. నాకు మెసేజ్ పెట్టండి. నేను నీటిమట్టాలు కొలిచిన చోట ఒక పెద్దాయన ఉన్నారు, ఫోన్ చేసి అడుగుతాను. పార ఆయన దగ్గరే ఉంటుంది. గడియారం మాత్రం ముందే మార్చుకోండి.